పాత రోడ్ సైకిల్‌కి చవకలో కాంపాక్ట్ క్రాంక్: కొనే ముందు కొలత తీయండి

పోయిన ఎపిసోడ్‌లో నా పాత రోడ్ సైకిల్ గురించి ఓ నాలుగు నిమిషాలు మాట్లాడాను. దానికి వచ్చినన్ని వాయిస్ మెసేజ్‌లు వీసా రూల్స్ గురించి మాట్లాడినప్పుడు కూడా రాలేదు. దుబాయ్ నుంచి ఒకరు, దోహా నుంచి ఇద్దరు, ఇక్కడ బహ్రెయిన్‌లోనే ఇంకొందరు. అందరి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ క్రాంక్ కొన్నవ్? లింక్ పెట్టు."

లింక్ పెట్టను. ఎందుకంటే నా సైకిల్‌కి సరిపోయింది మీ సైకిల్‌కి సరిపోకపోవచ్చు. నేనూ లింక్ చూసి కొన్నవాడినే. ఆ క్రాంక్ ఇప్పుడు నా టూల్ పెట్టెలో మూలన పడి ఉంది. 18 దినార్లు దాని ఖరీదు. మా ఆవిడకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. ఈ బ్లాగు ఆమె చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

చెవితో విన్న అంకెలు ఎక్కువసేపు నిలవవు కాబట్టి, ఎపిసోడ్‌లో చెప్పిన లెక్కలు ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాను. సైకిల్ మెకానిక్‌ని కాదు. అయితే టేపర్, థ్రెడ్, వెర్నియర్ నాకు కొత్త కాదు, ఇక్కడ పనికొచ్చేవి కూడా అవే.

ముందు సంగతి ఎక్కడ మొదలైందో చెప్తాను. నేనుండేది కర్జకాన్‌లో. బహ్రెయిన్ పడమటి తీరం, ఉత్తరాన దుమిస్తాన్, దక్షిణాన మాల్కియా, తూర్పున హమద్ టౌన్. ఊరికి వెళ్లిపోతున్న ఒక ఇంజనీర్ దగ్గర 25 దినార్లకి ఈ సైకిల్ కొన్నాను. 1980ల నాటి జపాన్ మియాటా, స్టీల్ ఫ్రేమ్, వెనక ఆరు గేర్లు, ముందు రెండు పళ్ల చక్రాలు: 52, 42. గేరు మార్చే లివర్లు ఫ్రేమ్ కింది గొట్టం మీద ఉంటాయి. శుక్రవారం పొద్దున్నే దక్షిణంగా జల్లాక్ వైపు వెళ్లి రావడం నా అలవాటు.

ఈ దేశంలో కొండలు లేవు కదా, చిన్న గేరు దేనికి అని చాలామంది అడుగుతారు. నిజమే, అన్నిటికన్నా ఎత్తైన జబల్ దుఖాన్ కూడా 134 మీటర్లే. కానీ ఇక్కడ కొండ గాలిలో ఉంటుంది. వాయవ్యం నుంచి షమాల్ లేచిందంటే, వెళ్లేటప్పుడు వీపు తట్టి పంపుతుంది, వచ్చేటప్పుడు ఎదురొచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టి నెడుతుంది. కొండకి ఒక శిఖరం ఉంటుంది, అక్కడ దాకా తొక్కితే అయిపోతుంది. గాలికి ఇల్లు చేరేదాకా అంతం లేదు.

రెండు చలికాలాలు ఆ 42 పళ్ల చక్రంతోనే ఎదురుగాలిలో తొక్కాను. తర్వాత కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. సైటులో లిఫ్ట్ ఇంకా బిగించలేదు. రోజుకి మూడుసార్లు ఏడో అంతస్తు దాకా ఎక్కి దిగాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉండేది, దిగేటప్పుడు ప్రాణం పోయేది. సూపర్‌వైజర్ రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతుంటే కుర్రాళ్లు చూస్తారు, కంపెనీ కూడా చూస్తుంది. నలభై దాటినవాడికి ఇక్కడ మోకాలే వీసా. సైకిల్ అమ్మేద్దామనుకున్నాను. అమ్మే ముందు ఒక లెక్క వేసి చూశాను.

లెక్క చాలా సులువు. ముందు పళ్లని వెనక పళ్లతో భాగించండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే. నా ఆఖరి గేరు 42/24, అంటే 1.75. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. కాబట్టి ఒక్క తొక్కుకి 3.67 మీటర్లు. ఎదురుగాలిలో నేను పోగలిగింది గంటకి 14 కిలోమీటర్లు. ఆ లెక్కన నిమిషానికి 63 చుట్లు. అంటే నెమ్మదిగా, బరువుగా, ఒక్కో తొక్కుకీ మోకాలి మీద భారమంతా వేసి తొక్కుతున్నట్టు. ముందు 34 పళ్లు ఉంటే అదే వేగానికి 78 చుట్లు. పని మొత్తం అంతే, కాకపోతే చిన్న చిన్న ముక్కలుగా చేస్తాం. ఇటుకలు పైకి మోసేవాడికి ఇది చెప్పనక్కర్లేదు. ఇరవై ఒకేసారి ఎత్తుకుంటే నడుం పోతుంది, పదేసి చొప్పున రెండుసార్లు ఎక్కితే సాయంత్రం దాకా పని చెయ్యగలడు.

కాంపాక్ట్ క్రాంక్ అంటే ఇదే. ముందు 52/42 బదులు మామూలుగా 50/34.

కొనే ముందు రెండు మాటలు. ఒకటి, సీటు ఎత్తు చూసుకోండి. నా సీటు రెండు వేళ్లు కిందకి ఉంది. అది సరిచేసుకున్నాకే నొప్పి సగం తగ్గింది, పైసా ఖర్చు లేదు. రెండు, క్రాంక్ మార్చకుండానే పని అవుతుందేమో చూడండి. వెనక ఫ్రీవీల్‌ని 14-28ది వేస్తే 42/28, అంటే 1.5 వస్తుంది. 34/24 అయితే 1.42. పెద్ద తేడా లేదు, ఖర్చు మాత్రం చాలా తక్కువ. మస్కట్, సలాలా వైపు నిజమైన కొండల్లో తొక్కేవాళ్లకి నేను ముందు ఇదే చెప్తాను.

మరి నేనెందుకు అలా చెయ్యలేదంటే, గాలి వల్లే. 14-28 ఫ్రీవీల్‌లో కింది గేర్లు సాధారణంగా 18, 21, 24, 28. ఒక్కో మెట్టు పెద్దది. గాలి ఒక్కసారి పెరిగితే ఒక గేరు బరువు, పక్కది మరీ తేలిక. నా 13-24లో 13, 15, 17, 19, 21, 24, మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ముందు 34 వేస్తే 34/19 అంటే 1.79, పాత ఆఖరి గేరుకి దాదాపు సమానం. దాని తర్వాత ఇంకా 21, 24 మిగిలే ఉంటాయి. ఇదివరకు గోడకి ఆనుకుని నిలబడ్డట్టు ఆఖరి గేరులోనే ఉండేవాణ్ని, ఇప్పుడు వెనక రెండడుగుల జాగా ఉంది.

ముందు చిన్న చక్రం ఒక్కటే మార్చొచ్చు కదా అంటారా? ఆ చక్రాన్ని పట్టుకునే బోల్టులు అడ్డం. వాటి మధ్యల మీదుగా ఒక వృత్తం గీస్తే దాని వ్యాసాన్ని బీసీడీ అంటారు. పాత షిమానో రోడ్ క్రాంక్‌లకి ఎక్కువగా 130 మి.మీ., దాని మీద 38 కన్నా చిన్న చక్రం పట్టదు. కాంపాగ్నోలో పాతవి 144, అందులో 41 దాకానే. తర్వాత వచ్చిన 135 మీద 39. మీకు 38 చాలనుకుంటే అదొక్కటే కొనుక్కోండి, అన్నిటికన్నా చవక అదే. 34 కావాలంటే మాత్రం 110 బీసీడీ క్రాంక్ ఉండాలి. ఐదు బోల్టులు ఉన్నప్పుడు ఎదురుగా బోల్టు ఉండదు కాబట్టి వ్యాసం నేరుగా కొలవలేం. పక్కపక్కన ఉన్న రెండు బోల్టుల మధ్య దూరం కొలవండి. 64.7 మి.మీ. వస్తే 110, 76.4 వస్తే 130, 79.4 వస్తే 135, 84.6 వస్తే 144.

ఇప్పుడు నా 18 దినార్ల కథ. మన ఊరి హీరో, అట్లాస్ సైకిళ్లలో క్రాంక్‌ని యాక్సిల్‌కి పట్టించేది కాటర్ పిన్. సుత్తితో కొడితే దిగేది, సుత్తితో కొడితే ఊడేది. ఈ రోడ్ సైకిళ్లలో పిన్ ఉండదు. యాక్సిల్ కొస నలుచదరంగా, చివరికి సన్నబడుతూ ఉంటుంది. క్రాంక్‌లో అదే ఆకారంలో బెజ్జం. బోల్ట్ బిగిస్తే క్రాంక్ ఆ టేపర్ మీదకి ఎక్కి పట్టేస్తుంది. ఫిట్టర్‌కి తెలిసిన విషయమే. తెలియని విషయం ఏంటంటే ఈ టేపర్లు రెండు రకాలు. జపాన్ వాళ్లది జిస్, కాంపాగ్నోలో లాంటి ఇటలీ వాళ్లది ఐఎస్ఓ. రెండిటి వాలు ఒకటే, రెండు డిగ్రీలు. కంటికి ఒకేలా కనిపిస్తాయి. కానీ ఐఎస్ఓ కొస కాస్త సన్నం.

జిస్ యాక్సిల్ మీద ఐఎస్ఓ క్రాంక్ పెడితే పూర్తిగా దిగదు, నాలుగైదు మిల్లీమీటర్లు బయటే ఆగిపోతుంది. తిరగేసి పెడితే మరీ లోపలికి వెళ్లిపోయి, ఒక్కోసారి బోల్ట్ బిగిసినట్టు అనిపించినా క్రాంక్ పట్టదు. నేను చేసింది మొదటి తప్పు. ఫోన్‌లో బొమ్మ చూసి, 50/34 అని రాసి ఉంది కదా అని కొన్నాను. కింద చిన్న అక్షరాల్లో ఐఎస్ఓ అని ఉంది. చదవనిది నేనే, అమ్మినవాణ్ని అనడానికి లేదు. ఎక్కలేదంటే ఇంకాస్త బిగించాను. మాల్కియా దాటేసరికి ఎడమ క్రాంక్ కటకటమంది. దిగి చూస్తే వదులైంది. యాక్సిల్ ఉక్కు, క్రాంక్ అల్యూమినియం. వదులుగా ఉన్నదాన్ని ఇంకో ఐదు కిలోమీటర్లు తొక్కితే ఆ చదరపు బెజ్జం గుండ్రమైపోతుంది, ఆ తర్వాత దాన్ని ఏం చేసినా నిలవదు. అందుకని కర్జకాన్ దాకా నడిపించుకొచ్చాను. దారంతా ఎదురుగాలే.

టేపర్ తర్వాత చూడాల్సింది బాటమ్ బ్రాకెట్, మన మెకానిక్‌లు బీబీ అంటారు. ఫ్రేమ్‌లో అది కూర్చునే గొట్టం వెడల్పు, థ్రెడ్ దేశానికో రకం. బ్రిటిష్ రకం 68 మి.మీ. వెడల్పు, జపాన్ సైకిళ్లు ఎక్కువగా ఇదే. ఇటలీది 70. పాత ఫ్రాన్స్ ప్యూజో ఎవరికైనా దొరికితే జాగ్రత్త, దాని థ్రెడ్ వేరు, సామాను దొరకడం కష్టం. బ్రిటిష్ రకంలో కుడి పక్క కప్పు లెఫ్ట్ థ్రెడ్. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇటలీ దానిలో రెండు పక్కలా మామూలు థ్రెడ్డే. ఇది తెలియక మా క్యాంపులో ఒక తమ్ముడు కప్పుకి పైపు తొడిగి బిగించిందే మళ్లీ బిగించాడు. నలభై ఏళ్ల కిందటి కప్పు, కదల్లేదని వాడు కప్పునే తిట్టాడు. తుప్పు నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, పొద్దున సరైన వైపు తిప్పితే వచ్చింది.

యాక్సిల్ పొడవు ఎంత ఉండాలి అనేది అందరూ తప్పు చేసే చోటు. పాతదాన్ని కొలిచి అంతే పొడవున్న కొత్తది కొనకండి, పాతవాటికి కుడి ఎడమలు సమానంగా ఉండకపోవచ్చు, కొత్త క్రాంక్ ఆకారమూ వేరు. కొలవాల్సింది చైన్‌లైన్. ఫ్రేమ్ నడిమధ్య నుంచి, ముందున్న రెండు చక్రాల నడిమధ్యకి ఉన్న దూరం. రోడ్ సైకిల్‌కి 43.5 మి.మీ. ఉండాలి, ఒకటి రెండు అటూ ఇటూ అయినా నడుస్తుంది. సీటు గొట్టం పక్క నుంచి చిన్న చక్రానికి ఒకసారి, పెద్దదానికి ఒకసారి కొలిచి సగటు తీసి, గొట్టం మందంలో సగం కలపండి. ఉదాహరణకి 26.7, 31.7 వస్తే సగటు 29.2. గొట్టం 28.6 అయితే సగం 14.3. మొత్తం 43.5. ఎక్కువ వస్తే యాక్సిల్ పొట్టిది కావాలి. పది మిల్లీమీటర్లు తగ్గిస్తే ఒక్కో పక్క ఐదు లోపలికి వస్తుంది.

వెనక డెరైలర్‌కి ఎంత చైన్ లాక్కోగలదో ఒక హద్దు ఉంటుంది. ముందు రెండు చక్రాల తేడా, వెనక పెద్ద చిన్న పళ్ల తేడా కూడితే ఆ హద్దు లోపల ఉండాలి. పాత పొట్టి డెరైలర్లకి ఇది సాధారణంగా 26, 28 దగ్గర ఉంటుంది. నా 13-24కి వెనక తేడా 11. ముందు 50/34 అయితే 16, కూడితే 27, నా దానికి అంచు మీద ఉన్నట్టే. 48/34 అయితే 25. అందుకే నేను 50 వదిలేసి 48కి వెళ్లాను. వేగం పోయిందేమీ లేదు. 48/13లో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 40 దాటుతుంది. గంటకి 40తో నేనెప్పుడు పోయాను, గాలి తోస్తే తప్ప?

ఇంతకీ ఏం కొన్నానంటే, ఈసా టౌన్ పాత సామాన్ల మార్కెట్‌లో ఒక పాడైన మౌంటెన్ బైక్ క్రాంక్. 1990 ఆ ప్రాంతపు మౌంటెన్ బైకులకి ముందు మూడు చక్రాలు ఉండేవి. వాటిలో చాలావాటికి బయటి రెండిటి బీసీడీ 110, లోపలి చిన్నదానిది 74. అంటే మనకి కావాల్సిన కాంపాక్ట్ క్రాంక్ పేరు మార్చుకుని అక్కడే కూర్చుంది. దాని మీద 48/38/28 ఉంది. 28 తీసేశాను. 38 ఉన్న చోట కొత్త 34 వేశాను. బయట 48 పళ్లు బాగానే ఉన్నాయి, అలాగే ఉంచాను. బోల్టులు కూడా పాతవే పనికొచ్చాయి. అసలు 122.5 మి.మీ. యాక్సిల్ మీద నడిచే క్రాంక్ అది, నేను 113ది వేస్తే చైన్‌లైన్ 44.5 వచ్చింది. చాలు.

క్రాంక్ 6 దినార్లు (పది అడిగాడు), 34 చక్రం 9, సీల్డ్ బీబీ 7, చైన్ 4. మొత్తం 26. సైకిల్ కన్నా ఒక దినారు ఎక్కువ, అవును. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పోస్టు ఖర్చు, 10 శాతం వ్యాట్ కూడా లెక్కలో వేసుకోండి. ఊరి నుంచి వచ్చేవాళ్లుంటే చిన్న సామాను వాళ్ల సూట్‌కేసులో తెప్పించుకోవడం మేలు.

మార్కెట్‌లో చూసేటప్పుడు అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకోండి. అంటుకుంటే ఉక్కు క్రాంక్, వదిలెయ్యండి. చక్రాలు బోల్టులతో కాక రివెట్లతో బిగించి ఉంటే కూడా వద్దు, మార్చలేరు. చదరపు బెజ్జం మూలలు పదునుగా ఉండాలి. పెడల్ బెజ్జం చుట్టూ, చేతులు కలిసే చోట వేలుగోటితో గీరి చూడండి, పగులుంటే గోరు ఆగుతుంది. పుల్లర్ బిగించే థ్రెడ్ పాడై ఉంటే ఎంత చవకైనా కొనకండి, రేపు విప్పలేరు.

చేతిలో పైసలు ఉన్నవాళ్లకి వేరే దారి ఉంది. షిమానో క్లారిస్ లాంటి కొత్త 50/34 క్రాంక్‌లో యాక్సిల్ క్రాంక్‌తోనే వస్తుంది, బేరింగులు ఫ్రేమ్ బయట కూర్చుంటాయి. బ్రిటిష్ థ్రెడ్ అయితే పాత ఫ్రేమ్‌కి కూడా పడుతుంది, టేపర్, యాక్సిల్ పొడవు గొడవ మొత్తం పోతుంది. పాత సన్న గొట్టాల ఫ్రేమ్ మీద అది నా కంటికి నప్పదు. అది నా పిచ్చి, మీరు పట్టించుకోకండి.

బిగించేటప్పుడు టేపర్ శుభ్రంగా తుడిచి, థ్రెడ్లకి గ్రీజు రాసి, బోల్ట్‌ని 40 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. టార్క్ రెంచ్ లేకపోతే, 20 సెంటీమీటర్ల స్పానర్ చివర 20 కిలోల బరువుతో నొక్కినంత. సుత్తి ముట్టుకోవద్దు. ముందు డెరైలర్‌ని కిందకి జరపాలి, దాని పంజరానికీ పెద్ద చక్రం పళ్లకీ మధ్య ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా. గొట్టానికి పట్టీతో బిగించే రకమైతే సులువు. ఫ్రేమ్‌కే అతికించి ఉన్న రకమైతే ఎంత కిందకి వస్తుందో క్రాంక్ కొనకముందే చూసుకోండి. రెండు మూడు రైడ్‌ల తర్వాత బోల్ట్ ఒకసారి పరీక్షించండి. తర్వాత వారం వారం బిగిస్తూ కూర్చోవద్దు, క్రాంక్ చీలుతుంది.

మొన్న శుక్రవారం జల్లాక్ నుంచి తిరిగి వస్తుంటే షమాల్ బాగానే ఉంది. 34/21లో వచ్చాను, 24 వాడలేదు. శనివారం ఏడో అంతస్తు నుంచి రెయిలింగ్ పట్టుకోకుండా దిగాను. నాలుగో అంతస్తు దగ్గర మాత్రం ఒకసారి ఆగాను, షట్టరింగ్ చూడ్డానికి అని చెప్పాను.

కొలతలు తీసి పంపండి: బోల్టుల మధ్య దూరం, బీబీ గొట్టం వెడల్పు, ఫ్రీవీల్ పళ్లు, ఫోటో. ఏం పడుతుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఇంకో మాట, మీలో ఎవరి దగ్గరైనా ఐఎస్ఓ యాక్సిల్ ఉన్న ఇటలీ సైకిల్ ఉంటే చెప్పండి. 50/34 క్రాంక్ ఒకటి ఉంది, పదకొండు కిలోమీటర్లు కూడా తొక్కలేదు. పది దినార్లకి ఇచ్చేస్తాను.